సర్వే నెంబరు 212లో జెరూసలేం యుద్ధం

మా కొండవాగుపాడులో క్రైస్తవులకూ ముస్లిములకూ మధ్య ఏ గొడవా లేదన్న సంగతి ప్రభుత్వం దృష్టికి చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన వారంలోపే ఆ లోటు సరిదిద్దే పని మొదలైంది.

ఆ ఏడు కొత్తగా ఒక శాఖ పుట్టింది. పేరు చారిత్రక వివాదాల శాశ్వత పరిష్కార విభాగం. రెండు మతాలవాళ్ళు కాపురముంటున్న ప్రతి ఊళ్ళోనూ, వాళ్ళ మధ్య తరతరాలుగా నలుగుతున్న తగాదా ఏదో కనిపెట్టి, దాన్ని తీర్చి, తీర్చినట్టు ఫొటో పంపాలి. ఊరికొక తగాదా చొప్పున లక్ష్యం పెట్టారు. తగాదా లేని ఊరు కూడా ఉండొచ్చునన్న అనుమానం ఆ పథకం రాసినవాళ్ళకు రాలేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళంతా జీవితమంతా ఆఫీసుల్లో గడిపినవాళ్ళు.

మా సచివాలయంలో కంప్యూటరు ముందు కూర్చునేది భార్గవి. నిదానమైన పిల్ల. గ్రూప్ టూ పరీక్షకు చదువుతోంది కాబట్టి ఆమె బల్లమీద ఎప్పుడూ లావాటి చరిత్ర గైడొకటి బోర్లా పడుకుని ఉంటుంది. ఫారం వచ్చిన రోజునుంచి రెండు రోజులు ఎండలో ఊరంతా తిరిగి తగాదా కోసం వెతికింది. మసీదు దగ్గర పెద్దమనుషులు చాలాసేపు ఆలోచించి, ఎప్పుడో మైకు విషయంలో మాట పట్టింపు వచ్చిందనీ, అదైనా రెండు పండగలకూ ఒకే షాపువాడు ఒకే మైకు అద్దెకివ్వడం వల్ల వచ్చిందనీ, తర్వాత అందరూ కలిసి ఆ షాపువాణ్ణి తిట్టారనీ చెప్పారు. చర్చి పాస్టరుగారు తనకొక పెద్ద తగాదా బాగా గుర్తుందన్నారు గానీ, తీరా చూస్తే అది పాటల బృందంలో కుడివైపు కూర్చునేవాళ్ళకూ ఎడమవైపు కూర్చునేవాళ్ళకూ జరిగినది.

గడువు శుక్రవారం అయిదు గంటలకు. నాలుగూ నలభైకి భార్గవి ఫారం తెరిచింది. ‘ఘర్షణ మొదలైన సంవత్సరం’ అని అడిగింది ఫారం. ఖాళీగా వదిలేస్తే ముందుకు పోనివ్వలేదు. సున్నా కొడితే, సరైన సంవత్సరం నమోదు చేయండని ఎర్రటి అక్షరాలు వచ్చినయి. జిల్లాకు ఫోన్ చేస్తే అవతలాయన విసుక్కుని, అన్ని ఊళ్ళలో ఉన్నది మీ ఒక్క ఊళ్ళో ఎందుకు లేదో సంజాయిషీ రాసిమ్మన్నాడు. ఆమె తల పట్టుకుని కిందికి చూసింది. గైడు తిప్పి చూస్తే క్రూసేడుల పాఠం దగ్గర తెరుచుకుని ఉంది. క్రైస్తవులకూ ముస్లిములకూ మధ్య మత యుద్ధాలు, ఆరంభం 1095, కారణం జెరూసలేం పట్టణం.

1095 కొట్టింది. ఆకుపచ్చ టిక్కు పడింది. వివాదాస్పద ఆస్తి అన్నచోట జెరూసలేం పట్టణమని రాసింది. అదీ తీసుకుంది. ప్రస్తుత స్థితి అన్నచోట రెండే గళ్ళున్నయి: పరిష్కృతం, పెండింగు. పరిష్కృతమంటే ఒప్పంద పత్రం జతచేయమంటోంది. ఆమె దగ్గర పత్రం లేదు. పెండింగు నొక్కింది. చివరగా ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరి ఆధార్ నెంబరు అడిగింది.

సరిగ్గా అప్పుడు కిటికీ అవతల జకరయ్యా మౌలాలీ నిలబడి ఉన్నారు. కంది విత్తనాల చీటీ కోసం వచ్చారు. భార్గవి వాళ్ళ ఆధార్ కార్డులు ఇమ్మంటే ఇచ్చారు. ఎందుకని అడగలేదు. సర్కారు కంప్యూటరు ఆధార్ అడిగితే ఎందుకని అడిగే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు.

వాళ్ళిద్దరి గురించి చెప్పాలి. జకరయ్య చర్చి వెనక వీధిలో ఉంటాడు. మౌలాలి మసీదు పక్క సందులో ఉంటాడు. వాగు అవతల సర్వే నెంబరు 212లో ఇద్దరికీ పక్కపక్కనే రెండేసి ఎకరాలు నల్లరేగడి ఉంది. ఇద్దరికీ చెరొక ఎద్దు ఉంది. జకరయ్యది ఎర్రెద్దు, మౌలాలిది మొహం మీద తెల్లమచ్చ ఉన్న బొల్లెద్దు. రెండింటినీ ఒక కాడికి కట్టి, ముందు ఒకరి చేను, తర్వాత ఇంకొకరి చేను విత్తుకుంటారు. పదిహేనేళ్ళుగా ఇదే వరస. వాగు దాటే బాట కంచెల మధ్య ఇరుకుగా ఉండటాన ట్రాక్టరు ఆ చేలకు పోదు. ఊళ్ళో తక్కినవాళ్ళు ఎడ్లను ఎప్పుడో అమ్మేసుకున్నారు. అంచేత జకరయ్య సేద్యం మౌలాలి కొట్టంలోనూ, మౌలాలి సేద్యం జకరయ్య కొట్టంలోనూ కట్టేసి ఉంటుంది. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

ఆదివారం సాయంత్రం తొలకరి పడింది. మంచి వాన. చేతినిండా మన్ను తీసి పిడికిలి బిగిస్తే ముద్ద కట్టి, వదిలితే పొడిపొడిగా రాలేంత పదును. ఆ పదును నల్లరేగట్లో వారం ఉంటుంది. మళ్ళీ ఆదివారం వచ్చిందంటే పైన పెచ్చు కట్టి నెర్రెలిస్తుంది. ఆ తర్వాత వేసే విత్తనం మట్టిలో దాచిపెట్టిన విత్తనమే, మొలిచేది కాదు. సోమవారం విత్తే గొర్రు సరిచేసుకుని, మంగళవారం కాడి కట్టాలని ఇద్దరూ అనుకున్నారు.

సోమవారం మధ్యాహ్నం నోటీసు వచ్చింది. మా ఊరికి ఒక కాయితం మూడు రోజుల్లో రావడం అదే మొదలు. అందులో ఇలా ఉంది: జెరూసలేం పట్టణ స్వాధీనం విషయమై 1095వ సంవత్సరం మొదలు నేటివరకు పరిష్కారం కాక పెండింగులో ఉన్న సాయుధ వివాదంలో మీరు ఇరుపక్షాలుగా నమోదైనందున, విచారణ ముగిసేవరకు శాంతిభద్రతల దృష్ట్యా ఒకరికొకరు వంద మీటర్లకు తక్కువ కాని దూరం పాటించవలెను.

కింద సంతకం ప్రత్యేకాధికారి పరాంకుశరావు గారిది. నోటీసుతోపాటు టేపు పట్టుకున్న హోంగార్డు కూడా వచ్చాడు.

జకరయ్య నోటీసు చదివించుకుని, యెరూషలేము తనకు ఆదివారం ఆరాధనలో తప్ప ఇంకెక్కడా తగల్లేదన్నాడు. మౌలాలి అసలు ఆ ఊరికి బస్సు ఎక్కడినుంచో కూడా తెలియదన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళి భార్గవిని అడుగుదామని బయల్దేరారు గానీ, హోంగార్డు కలిసి నడవనివ్వలేదు. ఒకరు ముందు వెళ్ళి వచ్చాక ఇంకొకరు వెళ్ళారు. భార్గవి ఇద్దరికీ విడివిడిగా క్షమాపణ చెప్పుకుంది. ఎంట్రీ తీసేయమంటే, నమోదైన యుద్ధాన్ని తొలగించే అధికారం తన లాగిన్‌కు లేదంది.

మంగళవారం పోయింది. బుధవారం పరాంకుశరావు గారు స్వయంగా వచ్చి బడి వరండాలో విచారణ పెట్టారు. సన్నగా, ఇస్త్రీ చెదరకుండా ఉండే మనిషి. మంచివాడే. ఏ విషయమైనా ఫైల్లో పట్టేలా మడిచి చూడటం తప్ప ఆయనలో వేరే దోషం లేదు.

వంద మీటర్ల నియమం ఉంది కాబట్టి జకరయ్యను వరండాలో నిలబెట్టి, మౌలాలిని అటు పంచాయతీ నీళ్ళ ట్యాంకు కింద నిలబెట్టారు. ప్రశ్న అడగడం, హోంగార్డు నడిచిపోయి ట్యాంకు కింద అడగడం, జవాబు పట్టుకుని నడిచిరావడం. మధ్యాహ్నానికి ఆ హోంగార్డు మా ఊళ్ళోనే పది కిలోమీటర్లు నడిచాడు. మధ్యలో ఒకసారి జవాబుతోపాటు మౌలాలి ఒక బీడీ కూడా పంపాడు. విచారణాధికారి దాన్ని ‘పక్షాల మధ్య వస్తు మార్పిడి’ అని రాసుకున్నారు.

మొదటి ప్రశ్న వారసత్వం. 1095లో తగువు మొదలుపెట్టిన అసలు పక్షాలకు మీరు వారసులని ధ్రువపత్రం ఉందా అన్నారు. జకరయ్య తన తాత చిన గురవయ్య అనీ, కరువు కాలంలో మిషను దొరల దగ్గర గంజి తాగి బాప్తీస్మం పుచ్చుకున్నాడనీ, ఆ పైన తనకు తెలియదనీ చెప్పాడు. ట్యాంకు కిందనుంచి వచ్చిన జవాబు, మా తాత దూది ఏకేవాడు, కత్తి పట్టినట్టు ఎవరూ చెప్పలేదు అని. పరాంకుశరావు గారు కాసేపు ఆలోచించి, ఇరువురి ఆధార్ వివాదానికి అనుసంధానమైనందున వారసత్వం రుజువైనట్టే భావించడమైనదని రాసుకున్నారు.

రెండో ప్రశ్న ఆస్తి వివరం. జెరూసలేం విస్తీర్ణం ఎంత, నాలుగు హద్దులేవి అన్నారు. జకరయ్య పాపం తెలిసినంత చెప్పాడు. విస్తీర్ణం తెలియదు గానీ గుమ్మాలు పన్నెండని బైబిలు వాక్యంలో ఉందన్నాడు. గుమ్మాలు ఎటువైపు ఎన్ని అని కూడా రాసుకున్నారు. ఈ విషయమై ముందే నివేదిక అడిగితే మా రెవెన్యూ ఉద్యోగి, సదరు పట్టణం మా గ్రామ పరిధిలో లేదు, పక్క మండలంలో విచారించగలరు, అని రాసిపెట్టాడు.

అప్పటికి జకరయ్యకు ఓపిక అయిపోయింది. పొలం పదును పోతోందనీ, రెండెద్దులూ ఒక కాడికి కడితే తప్ప విత్తనం పడదనీ, ఆ వంద మీటర్ల సంగతి విత్తనాలయ్యాక చూసుకుందామనీ చెప్పాడు. అధికారి కలం ఆపి అడిగారు.

“ఎద్దులు రెండూ ఒకరివేనా?”

“కాదు సార్. ఎర్రెద్దు నాది. బొల్లెద్దు మౌలాలి బావది.”

అప్పటిదాకా ఎద్దుల సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన ఫైలు తిరగేసి, పశువులు యజమాని పక్షానికే చెందునన్న నిబంధన చూపించారు. పాతకాలపు యుద్ధాల్లో గుర్రాలకు వర్తించిన సూత్రం ఎడ్లకు వర్తించకపోవడానికి కారణం కనబడటం లేదన్నారు. అంటే ఎద్దులు కూడా వంద మీటర్ల దూరంలో ఉండాలి. ఆ పూటనుంచి హోంగార్డు కొట్టాల మధ్య కూడా టేపు పట్టాడు.

ఆయన రైతుల కష్టం తెలియనివారు కారు. సాయంత్రం వడ్రంగి వీరబ్రహ్మాన్ని పిలిపించి, ఎద్దుల మధ్య దూరమే కదా సమస్య, కాడిని వంద మీటర్లకు పొడిగించడానికి ఏమాత్రం వీలుందని అడిగారు. వీరబ్రహ్మం ఆయన మొహంలోకి చూశాడు. నవ్వులాట కాదని తేల్చుకున్నాక మర్యాదగానే జవాబు చెప్పాడు. అంత చెట్టు లేదనీ, ముక్కలు అతికినా మధ్యలో వంగకుండా దిమ్మెలు కట్టాలనీ, దిమ్మెలు కట్టిన కాడి ముందుకు కదలదనీ అన్నాడు. సాంకేతిక కారణాల వల్ల కాడి పొడిగింపు ప్రతిపాదన ప్రస్తుతానికి వాయిదా వేయడమైనదని ఫైల్లో పడింది.

గురువారం పొద్దున ఎండ చుర్రుమంది. మౌలాలి చేలోకి పోయి మన్ను పిడికిట్లో పట్టి చూసుకున్నాడు. ముద్ద కట్టింది గానీ, అంచుల్లో చిట్లింది. ఆ సంగతి రెండు చేల అవతల నిలబడ్డ జకరయ్యకు చేయి ఊపి చూపించాడు. మూడు రోజులన్నట్టు జకరయ్య వేళ్ళు చూపించాడు. ఇద్దరూ ఎవరి గట్టున వాళ్ళు కూర్చున్నారు.

ఆ రోజే మళ్ళీ వరండాలో కూర్చున్నప్పుడు ఇద్దరూ ఒకే మాట పంపారు. మాకు ఏ తగువూ లేదు, రాజీ పడ్డాం, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి అని. జెరూసలేం మొత్తం మౌలాలికి రాసివ్వడానికి జకరయ్య ఒప్పుకున్నాడు. వద్దు, జకరయ్యనే ఉంచుకోమను అని ట్యాంకు కిందనుంచి జవాబు.

పరాంకుశరావు గారి మొహంలో జాలి కనబడింది. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఎలా ఉంటుందో ఇదీ అలాగే అని వివరించారు. పునాది ఫొటో లేకుండా లింటెలు బిల్లు రాదు. లింటెలు ఫొటో లేకుండా స్లాబు బిల్లు రాదు. అలాగే శాంతి అనేది మూడో దశ. మొదటి దశ యుద్ధ ప్రారంభం, రెండో దశ యుద్ధం జరుగుచుండుట, మూడో దశ యుద్ధ విరమణ. మూడింటికీ స్థలం, వేళ కనబడే ఫొటోలుండాలి. మీ ఫైల్లో మొదటి రెండు దశలూ లేవు. లేని యుద్ధాన్ని విరమించినట్టు సంతకం పెట్టించుకుంటే రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలన్నారు.

అక్కడే వరండా మెట్టు మీద జకరయ్య భార్య రూతమ్మ కూర్చుని ఉంది. ఆమె పేరు ఏ పక్షంలోనూ నమోదు కాలేదు కాబట్టి నాలుగు రోజులుగా ఎటైనా తిరగగలిగిన మనిషి ఆమె ఒక్కతే. కొంగు సరిచేసుకుని లేచింది.

“అయ్యా, నాకు తెలవక అడుగుతా. యుద్ధం చేసేటప్పుడు కూడా వంద మీటర్ల దూరం ఉండాల్నా?”

పరాంకుశరావు గారు నిబంధనలు చూశారు. యుద్ధ సమయంలో దూర నియమం వర్తించదని స్పష్టంగా ఉంది.

“యుద్ధానికి పశువుల్ని తోలుకపోవచ్చా?”

పోవచ్చన్నారు. గుర్రాలు అందుబాటులో లేనిచోట స్థానికంగా లభించే పశువులను వాడుకోవచ్చు.

“ఆయుధాలో?”

“కత్తులు, తుపాకులు కుదరవమ్మా. పల్లెటూళ్ళలో సాధారణంగా వాడే పనిముట్లకు అభ్యంతరం లేదు.”

“గొర్రు ఉందయ్యా మాకు. ఇనప కర్రులుంటయి దానికి.”

“పర్వాలేదు.”

“ఆడోళ్ళం కూడా రావచ్చా?”

ఆ ప్రశ్నకు అధికారి మొహం వెలిగింది. మహిళా భాగస్వామ్యం అని ఫారంలో ఒక గడి ఉందట, అన్ని జిల్లాల్లోనూ అది ఖాళీగానే పోతోందట. రావడమే కాదు, తప్పకుండా రావాలన్నారు.

“అట్టయితే శనివారం పొద్దున రాయించండయ్యా మా యుద్ధం” అంది రూతమ్మ. “వాగు అవతల, మా చేలల్లో.”

యుద్ధానికి అనుమతి ఒక్క రోజులో వచ్చింది. ఇది నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. సర్వే నెంబరు 212లో శనివారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు మతయుద్ధం జరుపుకొనుటకు షరతులతో అనుమతించడమైనది. షరతులు: శబ్ద కాలుష్యం కూడదు, బాటసారులకు ఇబ్బంది కలిగించరాదు, యుద్ధానంతరం స్థలం శుభ్రపరచవలెను. అంబులెన్సు, అగ్నిమాపక వాహనం సిద్ధంగా ఉంచాలన్నారు గానీ, రెండూ ట్రాక్టరు పోలేని బాటలో పోలేక వాగు ఇవతలే ఆగిపోయినయి.

శనివారం తెల్లారేసరికి గట్టుమీద షామియానా వేశారు. దానికింద కుర్చీ, కుర్చీలో పరాంకుశరావు గారు, పక్కన ఫోన్ పట్టుకుని ఫొటోలు తీయడానికి భార్గవి. ఊరంతా చూడటానికి వచ్చింది. అన్ని రోజుల తర్వాత ఎర్రెద్దూ బొల్లెద్దూ ఒకదాన్నొకటి చూసుకుని మెడలు నాక్కున్నయి. మొదటి దశ ఫొటో అదే. కింద ‘ఇరుపక్షాలు ఎదురుపడుట’ అని రాశారు.

కాడి కట్టారు. జకరయ్య గొర్రు పట్టాడు. మౌలాలి ఎడ్ల పగ్గాలు పట్టాడు. రూతమ్మా, మౌలాలి భార్య జాన్‌బీ వంతులేసుకుని గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలో గింజలు పోస్తున్నారు. జడ్డిగం అంటే గొర్రుకు కట్టిన కొయ్య గిన్నె. అందులో పోసిన గింజ గొట్టాల్లోంచి జారి సాల్లో పడుతుంది. మొదట జకరయ్య చేను మొదలుపెట్టారు. అది గట్టుకు దగ్గర.

నాలుగు సాళ్ళు అయ్యాక పరాంకుశరావు గారు కుర్చీలోంచి లేచారు. ఇరుపక్షాలూ ఒకే దిక్కుకు వెళ్తున్నాయేమిటని అడిగారు. చరిత్ర పుస్తకంలో ఎదురెదురుగా వెళ్తాయన్నారు.

మౌలాలి ఎడ్లను నిలేసి, చెమట తుడుచుకుని చెప్పాడు. “ఎదురెదురుగా తోలితే కాడి ఇరుగుద్ది సార్. మా వైపు యుద్ధం ఇట్టాగే సాగుద్ది.”

సరే, స్థానిక యుద్ధరీతి అని రాసుకున్నారు. ఆ రోజు నివేదిక నేను తర్వాత చూశాను. ఇరుసేనలు భుజం భుజం రాసుకుంటూ తూర్పు గట్టువరకు ముందుకు సాగినవి, గట్టువద్ద ఇరుపక్షాలు ఏకకాలంలో వెనుదిరిగినవి, మళ్ళీ పడమటి గట్టువరకు సాగినవి, అని రెండు పేజీలు ఉంది. జడ్డిగంలో పోసేది ఏమిటని అడిగితే కందులని చెప్పారట. మందుగుండు స్థానంలో పప్పుధాన్యం వాడుట పర్యావరణహితమని ప్రశంస కూడా ఉంది.

మధ్యాహ్నానికి జకరయ్య చేను అయిపోయింది. గట్టుమీద సద్ది తిన్నారు. జాన్‌బీ తెచ్చిన గోంగూర, రూతమ్మ తెచ్చిన జొన్నరొట్టె. అది కూడా రెండో దశ ఫొటోల్లో ఉంది. తిన్నాక మౌలాలి చేలోకి దిగారు. పైన మన్ను తెల్లబడుతోంది. గొర్రు కర్రు దిగితే మాత్రం అడుగున నల్లటి తడి పైకి వస్తోంది. ఇంకొక్క పూట అంతే. రేపటికి ఉండదు.

రెండున్నరకు పరాంకుశరావు గారి ఫోన్ మోగింది. నాలుగింటికి జిల్లాలో వీడియో సమావేశమట. ఆయన ఒప్పంద పత్రం, స్టాంపు ప్యాడు పట్టుకుని గట్టు దిగి వచ్చారు. ఇక చాలు, యుద్ధం జరుగుచుండుట అనే దశకు కావలసినన్ని ఫొటోలొచ్చాయి, శాంతి చేసుకుందాం రండి అన్నారు.

మౌలాలి ఎడ్లను ఆపాడు. సంతకం పెట్టాక మిగతా రెండొంతుల చేను విత్తుకోవచ్చా అని అడిగాడు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. శాంతి కుదిరిన రోజునుంచి తొంభై రోజులు పరిశీలన కాలం. యుద్ధం మళ్ళీ చెలరేగకుండా, అప్పుడే శాంతించిన పక్షాలు ఆ తొంభై రోజులూ వంద మీటర్ల దూరంలో ఉండాలి. ఎద్దులు కూడా.

మౌలాలి వంగి ఒక పెళ్ళ తీసి చిదిమాడు. పైన విత్తనాలకు ఎదురుచూస్తూ ఒక వంతే చీల్చిన చేను, కింద పోతున్న తడి. ఆయన పగ్గాలు వదిలి వేలిముద్ర కోసం చేయి తుడుచుకోబోయాడు. ప్రభుత్వం వాళ్ళు పెట్టమన్నచోట వేలు పెట్టడం ఆయనకు అలవాటు.

జకరయ్య గొర్రు మేడి వదల్లేదు.

“నేను సంధికి ఒప్పుకోను సార్” అన్నాడు.

పరాంకుశరావు గారు ఆ జవాబుకు సిద్ధంగా లేరు. మొన్న రాజీ, రాజీ అని ప్రాణం తీసిన మనిషి ఈయనే.

“ఎందుకు ఒప్పుకోవు?”

“ఆయన చేను పూర్తిగా ఆక్రమించాల నేను. ఇంకా రెండొంతులుంది. అదిగో ఆ చివర తుమ్మచెట్టు కనపడుతుందే, అక్కడ ఆఖరి సాలు పడేదాకా నేను యుద్ధం ఆపను.”

“ఇది మొండితనం జకరయ్యా. ఇంతటితో వదిలేస్తే ఏం?”

“తొమ్మిదొందల ఏళ్ళ పగ సార్. మధ్యాన్నం మూడింటికి చల్లారమంటే చల్లారుద్దా?”

అధికారి మౌలాలి వైపు తిరిగారు. నీ పొలాన్ని పరాయి పక్షం ఇలా ఆక్రమిస్తుంటే నీకు అభ్యంతరం లేదా అని అడిగారు. మౌలాలి బొల్లెద్దు మూపురం నిమిరాడు.

“నాకేం అభ్యంతరం లేదు సార్” అన్నాడు చివరికి. “తుమ్మచెట్టు దాకా రానియ్యండి బావని. ఎట్టా వస్తాడో నేనూ చూస్తా.”

పరాంకుశరావు గారు జిల్లాకు ఫోన్ చేశారు. క్రైస్తవ పక్షం మొండికేసిందనీ, ముస్లిం పక్షం కూడా వెనక్కు తగ్గడం లేదనీ, బలవంతంగా శాంతి కుదిర్చితే అది ఆడిట్‌కు నిలవదనీ చెప్పారు. అవతలివాళ్ళు యుద్ధం కొనసాగింపుకు కారణం ఒక్క వాక్యంలో చెప్పమన్నారు. ఆయన ఎడ్ల వైపు చూసి, పక్షాలు విడదీయరాని స్థితిలో ఉన్నవి అని చెప్పారు. అనుమతిలో ఉన్నట్టే సాయంత్రం ఆరు వరకు కొనసాగనిచ్చారు. వీడియో సమావేశానికి ఆయన గట్టుమీద తుమ్మచెట్టు నీడలోంచే హాజరయ్యారు. ఆయన వెనక ఇరుసేనలూ పోతూ వస్తూ జిల్లా అధికారులందరికీ కనబడినయట. క్షేత్రస్థాయిలో ఇంత చిత్తశుద్ధి ఎక్కడా చూడలేదని ఎవరో మెచ్చుకున్నారట.

అయిదూ ముప్పావుకు ఆఖరి సాలు పడింది. జకరయ్య గొర్రు పక్కకు పడేసి తుమ్మచెట్టుకు ఆనుకుని కూలబడ్డాడు. మౌలాలి పక్కనే కూర్చుని బీడీ వెలిగించి సగం తాగి ఆయనకిచ్చాడు. ఇంకా పది నిమిషాల యుద్ధం మిగిలి ఉంది, ఆ పది నిమిషాలూ ఇద్దరూ ఎడ్లు గట్టున గడ్డి పీకుతుంటే చూస్తూ గడిపారు.

ఆరింటికి వేలిముద్రలు పడ్డయి. జెరూసలేం విషయమై ఇకముందు ఎలాంటి దావా ఉండదని ఇద్దరూ ఒప్పుకున్నారు. మూడో దశ ఫొటో కోసం చేతులు కలపమన్నారు. కలిపిన వెంటనే హోంగార్డు టేపు తీశాడు.

కంది మొలిచింది. రెండు చేలూ ఒకే పచ్చగా, ఒకే ఎత్తున, వరస తప్పకుండా మొలిచినయి. పద్దెనిమిదో రోజుకు కలుపు కూడా మొలిచింది. సాళ్ళ మధ్య గుంటక తోలాలి. గుంటకకు రెండెద్దులు కావాలి.

ఆ పొద్దున నేను రేషన్ కార్డు పనిమీద సచివాలయానికి పోయాను. కిటికీ దగ్గర జకరయ్య నిలబడి ఉన్నాడు. సరిగ్గా వంద మీటర్ల అవతల, పాలకేంద్రం అరుగు మీద మౌలాలి కూర్చున్నాడు. రూతమ్మ మధ్యలో తిరుగుతోంది.

శాంతి భగ్నమైందనీ, మళ్ళీ యుద్ధానికి అనుమతి కావాలనీ అడిగాడు జకరయ్య. భార్గవి ఫారం తెరిచి కారణం అడిగింది. ఏదో ఒకటి రాయమ్మా, కలుపు మాత్రం ఆగదు అన్నాడు. ఆమె గైడు తిరగేసి, పర్వాలేదన్నా, చరిత్రలో కూడా ఒకదానితో ఆగలేదు, పెద్దవి మొత్తం ఎనిమిది జరిగాయి అంది.

జకరయ్య ఆ మాట రూతమ్మతో చెప్పి పంపాడు. ఆమె పాలకేంద్రం దాకా నడిచి మౌలాలికి చెప్పింది. ఆయన అరుగుమీద కూర్చునే వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ఒకటి విత్తనం, అయిపోయింది. గుంటకలు మూడు. కోతలప్పుడు బండి కట్టడం ఒకటి. కళ్ళంలో ఎడ్లతో బంతి తొక్కించి గింజ రాల్చడం ఒకటి. కందికట్టె ఇంటికి తోలడం ఒకటి. మడిచిన వేళ్ళు చూసుకుని, ఇంకొకటి మిగిలిందని, వేసవి దుక్కికి పెట్టుకుందామని, రూతమ్మతో జవాబు పంపాడు.